ఇంట్లో పెద్దవాళ్లను ఫోన్ యాప్‌తో నడిపించడం ఎలా? పర్లాకిమిడి నుంచి ఒక సమగ్ర మార్గదర్శి

మా అత్తయ్య ఫోన్ పగలంతా ఫ్రిజ్ మీదే ఉంటుంది. అందులో అడుగులు లెక్కపెట్టే యాప్ వేసిన మొదటిరోజు రాత్రి తీసి చూస్తే 212 అని ఉంది. ఆవిడకి అరవై దాటాయి, షుగర్ ఉంది. "రోజంతా కలిపి రెండొందల అడుగులేనా అత్తయ్యా?" అనేశాను. ఆవిడ చిన్నబుచ్చుకుంది. "పొద్దున్న లేచినకాణ్ణించీ తిరుగుతూనే ఉన్నాను కదమ్మా, నీ ఫోనుకి కనపళ్లేదేటి?" అంది. ఆవిడ మాటే నిజం. నీళ్లు పట్టింది, డాబా మీద బట్టలు ఆరేసింది, గుడికి వెళ్లొచ్చింది. ఫోన్ మాత్రం ఫ్రిజ్ మీద నుంచి కదల్లేదు. ఆ తర్వాత నెల రోజులపాటు నన్ను యాప్ మాట ఎత్తనివ్వలేదు.

అప్పుడు నేను చేసిన తప్పేమిటో, తర్వాత ఏం మార్చానో, ఇప్పుడు మా వీధిలో పన్నెండు మంది ఎలా నడుస్తున్నారో వరసగా రాస్తున్నాను. ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, బరంపురం వైపు ఉన్న మన తెలుగిళ్లను దృష్టిలో పెట్టుకుని రాశాను. అమ్మానాన్నలనో అత్తమామలనో కదిలించాలని తాపత్రయపడే ఎవరికైనా పనికొస్తుంది.

ఇది మన ఒక్క ఇంటి సమస్య కాదు. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అనే వైద్య పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం, 2022 నాటికి మన దేశంలో పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లలో దాదాపు సగం మందికి చాలినంత శరీర శ్రమ లేదు. మగవాళ్లలో 42 శాతం, ఆడవాళ్లలో 57 శాతం. ఇంటి పనంతా ఆడవాళ్ల మీదే ఉండి కూడా వాళ్లే ఎక్కువ వెనకబడ్డారంటే, మామూలు ఇంటి పని మనిషిని అలసటపెడుతుందే గానీ గుండెకి కావలసినంత ఊపు ఇవ్వడం లేదని నాకనిపిస్తుంది.

యాప్ కంటే ముందు డాక్టరు

నడిస్తే ఛాతీలో పట్టేసినట్టుండటం, ఆయాసం, కళ్లు తిరగడం ఉన్నవాళ్లు, గుండె ఆపరేషన్ అయినవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు ముందు డాక్టరుకి చూపించుకోవాలి. షుగర్‌కి ఇన్సులిన్ గానీ, షుగర్ బాగా దింపే మాత్రలు గానీ వాడేవాళ్లు పరగడుపున గంటసేపు నడిచేస్తే షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. ఎప్పుడు నడవాలో డాక్టరుని అడగండి, జేబులో నాలుగు గ్లూకోజ్ బిళ్లలో, కాస్త పంచదారో ఉంచండి. కాళ్లకి తిమ్మిరి ఉన్నవాళ్లు చెప్పులతో కాకుండా మెత్తని బూట్లతో నడవాలి, ఇంటికొచ్చాక పాదాలు తిప్పి చూసుకోవాలి. మా అత్తయ్య విషయంలో ఈ పని చేశాకే మిగతా వాటి జోలికి వెళ్లాను.

ఒకే ఒక్క యాప్ ఎంచుకోండి

ఇక్కడ ఎక్కువసేపు ఆగక్కర్లేదు. ఫోన్‌తో పాటు వచ్చిన ఆరోగ్య యాప్ చాలు: శాంసంగ్ అయితే శాంసంగ్ హెల్త్, ఐఫోన్ అయితే హెల్త్. లేకపోతే గూగుల్ ఫిట్ గానీ, ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే ఫిట్ ఇండియా యాప్ గానీ వేసుకోవచ్చు. రెండు మూడు వేస్తే మూడూ మూడు లెక్కలు చూపిస్తాయి, పెద్దవాళ్లకి నమ్మకం పోతుంది. చేతికి గడియారం కొనడం కూడా ఇప్పుడే వద్దు. మూడు నెలలు నడిచాక అప్పటికీ కావాలంటే చూడొచ్చు.

'నడవండి, డబ్బు సంపాదించండి' అనే యాప్‌లు, లింకులు వాట్సాప్‌లో తెగ తిరుగుతున్నాయి. ముందుగా డిపాజిట్ కట్టమన్నా, ఓటీపీ అడిగినా, బ్యాంకు వివరాలు అడిగినా అది మోసమే అనుకోండి. ఈ మాట పెద్దవాళ్లకి యాప్ వేసిన రోజే చెప్పేయాలి. ఆరోగ్యం పేరు చెబితే వాళ్లు తొందరగా నమ్మేస్తారు.

సెట్టింగ్స్ మీరే పక్కన కూర్చుని చేయండి

యాప్ వేసి ఫోన్ చేతికిచ్చి వెళ్లిపోతే వారంలో అది మూలన పడుతుంది. అరగంట కేటాయించుకోండి. చూడవలసినవి మూడు.

మొదటిది పర్మిషన్. ఆండ్రాయిడ్ 10 నుంచి పైన ఉన్న ఫోన్లలో శరీర కదలికలు చూడటానికి యాప్‌కి విడిగా అనుమతి ఇవ్వాలి. ఇవ్వకపోతే లెక్క సున్నా దగ్గరే ఉండిపోతుంది. అడుగులు లెక్కపెట్టడానికి లొకేషన్ అక్కర్లేదు, కాంటాక్టులు అసలే అక్కర్లేదు. అవి అడిగితే వద్దనండి.

రెండోది బ్యాటరీ. చాలా ఫోన్లు చార్జింగ్ మిగల్చడానికి వెనకాల నడిచే యాప్‌లను ఆపేస్తాయి. సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేరు మీద నొక్కి, బ్యాటరీ దగ్గర ఎలాంటి కట్టడీ లేకుండా పెట్టండి. 'నిన్న బాగానే చూపించింది, ఇవాళ ఆగిపోయింది' అనే ఫిర్యాదు మా వీధి నడకవాళ్ల వాట్సాప్ గ్రూపులో వచ్చినప్పుడల్లా కారణం ఇదే తేలింది.

మూడోది వంద అడుగుల పరీక్ష. ఇది మాత్రం ఎవరూ మానొద్దు. ఫోన్ జేబులో పెట్టుకుని, యాప్‌లో అంకె చూసుకుని, పైకి లెక్కపెడుతూ సరిగ్గా వంద అడుగులు వేయాలి. ఒక్క నిమిషం ఆగి మళ్లీ చూడాలి. 90కీ 110కీ మధ్య పెరిగి ఉంటే ఫోన్ బాగానే పనిచేస్తున్నట్టు. ఫోన్‌లో ఉండే చిన్న సెన్సర్ మన ఒంటి ఊపుని పట్టుకుని అడుగుగా లెక్కపెడుతుంది. అందుకే కాళ్లీడ్చుకుంటూ మెల్లగా నడిచేవాళ్లకి కొన్ని అడుగులు తప్పిపోతాయి, గతుకుల రోడ్డు మీద స్కూటర్ వెళితే లేని అడుగులు కొన్ని కలుస్తాయి. ఈ సంగతి మా అత్తయ్యకి చెప్పి, వీధి గేటు నుంచి మూల మీది కిరాణా కొట్టు దాకా ఇద్దరం లెక్కపెడుతూ నడిచాం. ఆవిడ "తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది, వంద" అని గట్టిగా అంటుంటే కొట్టాయన బయటకొచ్చి చూశాడు. యాప్‌లో 97 పెరిగింది. "మూడే తినేసింది, పర్లేదు" అంది. ఆ రోజు నుంచే ఆవిడకి ఆ అంకె మీద గురి కుదిరింది.

ఫోన్ ఒంటి మీద ఉండాలి

ఎంతమంది ఇళ్లల్లో ఈ ప్రయత్నం ఇక్కడే ఆగిపోయిందో నేను చూశాను. మగవాళ్లకి చొక్కా జేబో ప్యాంటు జేబో ఉంటుంది. చీరకి జేబు లేదు, ఇంట్లో వేసుకునే నైటీకి చాలామటుకు ఉండదు. రొంటిన దోపుకుంటే వంగినప్పుడల్లా ఫోన్ జారి కింద పడుతుంది. నూతి దగ్గరో పంపు దగ్గరో పడితే ఇక అంతే.

మేం రెండు పనులు చేశాం. మా వీధి టైలరుతో అత్తయ్య నైటీలన్నిటికీ కుడిపక్క లోతుగా జేబులు కుట్టించాం. చీర కట్టుకున్నప్పటి కోసం పాత జాకెట్టు గుడ్డతో చిన్న సంచి కుట్టి, దానికి లంగా నాడా ఎక్కించాం. నడుముకి కట్టుకుంటే కుచ్చిళ్ల పక్కన కనిపించకుండా ఉండిపోతుంది. మూత దగ్గర ఒక టిచ్చు బొత్తాం కూడా ఉంది. చార్జింగ్ రాత్రి పడుకునేటప్పుడే పెట్టాలని నియమం పెట్టుకున్నాం, లేకపోతే పగలంతా ఫోన్ గోడకి వేలాడుతూ ఉంటుంది. ఫోన్ ఒంటి మీదకొచ్చిన మొదటిరోజు అత్తయ్య లెక్క 212 నుంచి 2,840కి వెళ్లింది. ఆవిడ ఒక్క అడుగు కూడా ఎక్కువ వేయలేదు.

మొదటి వారం ఏమీ మార్చొద్దు

ఏడు రోజులు ఎప్పటిలాగే ఉండమనండి. రోజూ రాత్రి అంకె ఒక కాగితం మీదో క్యాలెండర్ గడిలోనో రాయండి. ఏడూ కూడి ఏడుతో భాగిస్తే వచ్చేదే ఆ మనిషి మొదలు. అత్తయ్యది 3,100, పక్కింటి పిన్నిగారిది 1,700, ఊళ్లో కరెంటు పనులు చేసే మా బావగారిది 8,900. ముగ్గురికీ ఒకే టార్గెట్ పెడితే ఎవరికీ ఉపయోగం ఉండదని ఈ అంకెలు చూస్తేనే తెలిసిపోతుంది.

టార్గెట్ ఎంత?

యాప్ తెరవగానే చాలావాటిలో 10,000 అడుగుల లక్ష్యం ఉంటుంది. ఆ అంకె ఏ డాక్టరూ లెక్క కట్టి పెట్టింది కాదు. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే చిన్న పరికరం అమ్మింది. దాని పేరు మన్పొకెయ్, అంటే పదివేల అడుగుల మీటర్. అంకె గుండ్రంగా, గుర్తుండేలా ఉంది కాబట్టి ప్రపంచమంతా పాకిపోయింది. అమెరికాలో సగటున 72 ఏళ్లున్న దాదాపు 17 వేల మంది ఆడవాళ్లను పరిశీలించి 2019లో ఒక అధ్యయనం ప్రచురించారు. రోజుకి 2,700 అడుగులు వేసేవాళ్ల కంటే 4,400 వేసేవాళ్లలో మరణాలు బాగా తక్కువగా కనిపించాయి. ఆ లాభం సుమారు 7,500 దాకా పెరిగి, ఆ తర్వాత పెద్దగా పెరగలేదు. ఈ సంగతి చెప్పినప్పుడు మా గ్రూపులో పెద్దవాళ్ల మొహాల్లో టెన్షన్ పోవడం నేను కళ్లారా చూశాను.

కాబట్టి యాప్‌లో ఉన్న 10,000ని తీసేసి, మొదలు అంకెకి 500 కలిపి పెట్టండి. అంటే అయిదు నిమిషాల నడక. వారంలో అయిదు రోజులు ఆ అంకె అందితే మరో 500 కలపండి. అందకపోతే అక్కడే ఇంకో వారం ఉంచండి. తొందర వద్దు. అత్తయ్య 3,600 దగ్గర మూడు వారాలు ఆగిపోయింది, మోకాలు నొప్పన్నది. కదపకుండా అలాగే ఉంచాం. నాలుగో వారం ఆవిడే "పెంచీ" అంది.

టార్గెట్ లేకుండా ఊరికే లెక్క చూసుకోవడం వల్ల అంత ఉపయోగం ఉండదు. అడుగుల మీటర్ల మీద జరిగిన 26 అధ్యయనాలను కలిపి 2007లో అమెరికా వైద్య సంఘం పత్రికలో ఒక సమీక్ష వేశారు. మీటర్ వాడినవాళ్లు రోజుకి రెండు వేలకి పైగా అడుగులు ఎక్కువ వేశారు. అందులోనూ ముందుగా ఒక లక్ష్యం పెట్టుకున్నవాళ్లలోనే ఆ తేడా బాగా కనబడింది.

అడుగుల తర్వాత వేగం

నెల గడిచాక నిమిషాల సంగతి చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లెవరైనా వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలి. తక్కువలో తక్కువ 150 అంటే రోజుకి సుమారు 22 నిమిషాలు. అదంతా ఒకేసారి చేయాలనేం లేదు, భోజనాల తర్వాత ఏడెనిమిది నిమిషాల చొప్పున మూడుసార్లయినా ఫర్వాలేదు. షుగర్ ఉన్నవాళ్లకి తిన్న తర్వాత పది పదిహేను నిమిషాల నడక ఇంకా మంచిది, తిన్నాక పెరిగే షుగర్‌ని అది కాస్త తగ్గిస్తుంది.

ఓ మోస్తరు శ్రమంటే నిమిషానికి సుమారు వంద అడుగులు. ఇంకా సులువైన గుర్తు ఉంది. నడుస్తూ పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేనంత వేగంగా ఊపిరి ఆడాలి. గూగుల్ ఫిట్ 2018లో తెచ్చిన హార్ట్ పాయింట్లు ఈ లెక్క మీదే నడుస్తాయి: చురుగ్గా నడిచిన ప్రతి నిమిషానికి ఒక పాయింటు, వారానికి 150. అడుగుల గోల అర్థంకాని మామగారికి ఈ పాయింట్లు బాగా నచ్చాయి. వేసవిలో పదకొండు నుంచి నాలుగు దాకా ఈ లెక్కలన్నీ పక్కన పెట్టేయండి. మన వైపు ఎండకి, ఉక్కకి పెద్దవాళ్లు తట్టుకోలేరు. తెల్లవారాకే బయలుదేరండి, చీకట్లో వద్దు. కుక్కల కోసం ఒక కర్ర ఉంచుకోండి. వానాకాలంలో వరండాలోనో హాల్లోనో అటూ ఇటూ తిరిగినా ఫోన్ లెక్కపెడుతుంది.

గుర్తు చేయడానికి ఒక్క అలారం చాలు

యాప్‌లన్నీ రోజుకి అరడజను నోటిఫికేషన్లు పంపుతాయి. అన్నీ ఆపేసి, ఆ ఇంట్లో రోజూ తప్పకుండా జరిగే ఒక పనికి ముడిపెట్టి ఒక్కటి ఉంచండి. అత్తయ్యకి సాయంత్రం టీ గ్లాసు కడిగి బోర్లించడంతో నడక మొదలవుతుంది. ఆ టైముకే, అయిదుంపావుకి అలారం పెట్టాం.

గ్రూపు

ఇదంతా చేసినా, ఆ అంకె చూసి ఒక్క మాట అనే మనిషి లేకపోతే రెండు మూడు వారాల్లో ఉత్సాహం చల్లారిపోతుంది. అందుకే వాట్సాప్ గ్రూపు. పదీ పదిహేను మందికి మించొద్దు, ఎదురుపడితే పలకరించుకునేవాళ్లే ఉండాలి.

మన వైపు ఒక చిక్కుంది. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా బడిలో చదివింది ఒడియా. మా బావగారు తెలుగు గలగలా మాట్లాడతారు, తెలుగు అక్షరం చదవలేరు. అత్తయ్య ఆంధ్రాలోని పాతపట్నం ఆడపడుచు, ఆవిడకి తెలుగే వచ్చు, ఒడియా రాదు. మొదట్లో నేను తెలుగులో పొడుగు మెసేజ్‌లు పెట్టేదాన్ని, సగం మంది తెరిచి చూసి వదిలేసేవారు. తర్వాత అన్నీ వాయిస్ మెసేజ్‌లు చేశాను. రాత్రి ఎనిమిదింటికి ఎవరి అంకె వాళ్లు గొంతుతో చెబుతారు. అంకెకి అందరికీ అర్థమయ్యే ఒకటే లిపి కాబట్టి స్క్రీన్ ఫొటో పెట్టినా సరిపోతుంది. ఫోన్ భాష మాత్రం ఎవరికి చదవడానికి ఏది వీలైతే అది పెట్టండి. తెలుగువాళ్లు కదా అని పట్టుబట్టి తెలుగే పెట్టొద్దు.

మేం గ్రూపు మొదలుపెట్టింది ఆగస్టు 29న. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో మా ఊరి రాజావారి బడిలో మాస్టారుగా చేరారు. ఆయన పుట్టినరోజే తెలుగు భాషా దినోత్సవం. అదే తేదీన హాకీ ఆటగాడు ధ్యాన్‌చంద్ కూడా పుట్టాడు, అందుకని జాతీయ క్రీడా దినోత్సవం. ఫిట్ ఇండియా ఉద్యమం 2019లో, దాని యాప్ 2021లో మొదలైందీ అదే రోజున. వాడుకభాష కోసం పోరాడిన మనిషి ఊళ్లో మాట్లాడుకుంటూ నడవడానికి అంతకంటే మంచి రోజు మాకు దొరకలేదు.

ఎవరు ఫస్ట్, ఎవరు లాస్ట్ అనే పట్టిక మాత్రం పెట్టకండి. యాప్‌లలో ఆ సౌకర్యం ఉంటుంది, మేమూ ఒక వారం వాడాం. బావగారు రోజూ ఫస్ట్, పిన్నిగారు రోజూ లాస్ట్. ఎనిమిదో రోజు ఆవిడ గ్రూపు నుంచి వెళ్లిపోయారు. ఇంటికి వెళ్లి బతిమాలి తీసుకొచ్చాను. ఆ తర్వాత పట్టిక బదులు రైలు ఆట పెట్టాం.

ఆట ఇలా ఉంటుంది. నౌపడ నుంచి గుణుపూర్‌కి రైలు దారి 90 కిలోమీటర్లు. నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా 1900లో వేసిన చిన్న లైను 1931లో గుణుపూర్ చేరింది, 2011 నుంచి దాని మీద పెద్ద లైను రైళ్లు తిరుగుతున్నాయి. మా పెద్దవాళ్లందరూ ఆ చిన్న రైలెక్కినవాళ్లే. కిలోమీటరుకి సుమారు 1,400 అడుగులనుకుంటే మొత్తం దారి 1,26,000 అడుగులు. ప్రతి ఒక్కరూ తమ మొదలు అంకె కంటే ఎక్కువగా వేసిన అడుగులే ఇందులో కలపాలి. పన్నెండు మంది తలా 1,500 ఎక్కువ వేస్తే రోజుకి 18,000, అంటే ఏడు రోజుల్లో గుణుపూర్. రోజూ రాత్రి అన్నీ కూడి 'ఇవాళ టెక్కలి దాటాం', 'టెంబూరులో ఆగాం' అని వాయిస్ పెడతాను. ఈ పద్ధతిలో పిన్నిగారి 1,500కీ బావగారి 1,500కీ ఒకటే విలువ. పాతపట్నం వచ్చేసరికి అత్తయ్య వాళ్ల పుట్టింటి సంగతులు ఆరు నిమిషాల వాయిస్ పెట్టింది. కాశీనగర్ దగ్గర ఉండగా వాన పట్టుకుని రెండు రోజులు రైలు ఆగిపోయింది. తొమ్మిదో రోజు రాత్రి గుణుపూర్ చేరాం. మీది బరంపురమో రాయగడో అయితే మీకు తెలిసిన దారే ఎంచుకోండి. ఊళ్ల పేర్లు వినగానే పెద్దవాళ్లకి పాత కబుర్లు గుర్తుకు రావాలి.

ఎవరైనా రెండు రోజులు అంకె చెప్పకపోతే గ్రూపులో అడగొద్దు, విడిగా ఫోన్ చేయండి. జ్వరమో, ఇంట్లో గొడవో ఉండొచ్చు. వారంపాటు మానేసినవాళ్లు పాత టార్గెట్‌కి కాకుండా, ఒక మెట్టు కింద నుంచి మొదలుపెట్టాలి.

యాప్ చూడని సగం

కండరాల బలం అడుగుల లెక్కలో రాదు. వారానికి కనీసం రెండు రోజులు బలం పెంచే వ్యాయామం కావాలి. అరవై అయిదు దాటినవాళ్లు తూలి పడిపోకుండా నిలకడ కోసం మూడు రోజులు చేయాలి. చేతుల్లేని కుర్చీలోంచి చేతి సాయం లేకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకి చేతులానించి ముందుకి వంగి వెనక్కి నెట్టడం, వంటగది గట్టు పట్టుకుని ఒంటికాలి మీద పది లెక్కపెట్టడం. ఈ మూడింటితో మొదలుపెట్టొచ్చు. మంగళ, శుక్రవారాలు మా గ్రూపులో అంకె బదులు 'కుర్చీ అయింది' అని చెబుతారు.

మూడు నెలల తర్వాత

క్యాలెండర్ కాగితాలు తీసి మొదటి వారం సగటు, ఇప్పటి సగటు పక్కపక్కన రాయండి. బరువు తగ్గలేదని నిరాశపడొద్దు, నడక ఒక్కదానితో బరువు త్వరగా దిగదు. మెట్లెక్కితే ఆయాసం తగ్గిందా, నిద్ర పడుతోందా, నేల మీద నుంచి లేవడం సులువయిందా అని అడగండి. ఆ కాగితం డాక్టరుకి చూపించండి. బాగుంది కదా అని మాత్రలు సొంతంగా తగ్గించేయకూడదు.

అత్తయ్య సగటు 3,100 నుంచి 5,400 అయింది. డాక్టరు గదిలో నేను క్యాలెండర్ తీయబోతుంటే, ఆవిడే నడుము సంచి బొత్తాం విప్పి ఫోన్ బయటికి తీసి, ఆయన ముందు బల్ల మీద పెట్టింది.